కార్పెట్ తీసేశాక కనిపించే ప్లైవుడ్‌కి రంగు వేసి అదే ఫ్లోర్‌గా వాడుకోవడం: మొదటి నుంచి చివరిదాకా

"మేడ మీద గదుల్లో కార్పెట్ పీకేశాం, అడుగున ప్లైవుడ్ ఉంది, కొత్త ఫ్లోరింగ్ వేయించడానికి ఇప్పుడు డబ్బుల్లేవు, దీనికే రంగు కొట్టేస్తే నడుస్తుందా?" అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నడుస్తుంది. మా ఇంట్లో మూడు గదులు ఇలాగే ఉన్నాయి, పిల్లలు వాటి మీదే పరిగెడుతున్నారు. అయితే మొదటి గది నేను తొందరపడి చేశాను, ఏడాది తిరక్కుండా జాయింట్ల దగ్గర పగిలి, తలుపు దగ్గర పెచ్చులు ఊడి, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. రెండో గది, మూడో గది ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. మూడింటికీ వాడింది ఒకే రంగు. తేడా అంతా రంగు డబ్బా తెరవకముందు చేసిన పనిలో ఉంది, అందుకే ఇక్కడ ఆ పని గురించే ఎక్కువ రాస్తున్నాను.

12 అడుగులకి 14 అడుగుల గదిని లెక్కగా తీసుకుందాం. అంటే 168 చదరపు అడుగులు. మాకు ఆ గదికి ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత), రంగు, పైపూత, స్క్రూలు, గరుకు కాగితం అన్నీ కలిపి 260 డాలర్ల దాకా అయింది. డ్రిల్, వాక్యూమ్, చిన్న సాండర్ (గరుకు కాగితంతో రుద్దే మెషీన్) ఇంట్లో ఉన్నవే.

1. ముందు మీ గది దీనికి పనికొస్తుందో చూడండి

ఇక్కడి ఇళ్లు ఎక్కువగా చెక్క ఫ్రేమ్ మీద కడతారు. జాయిస్ట్‌లు అనే చెక్క దూలాలు సాధారణంగా 16 అంగుళాలకొకటి చొప్పున వరసగా ఉంటాయి, వాటి మీద 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు షీట్లు పరిచి బిగిస్తారు. ఆ షీట్లే సబ్‌ఫ్లోర్.

టెక్సస్‌లో చాలా ఇళ్లకి కింది అంతస్తు కాంక్రీట్ స్లాబే ఉంటుంది. బేస్‌మెంట్ కూడా అంతే. ఈ పద్ధతి వాటికి కాదు, కాంక్రీట్‌కి వేసే ప్రైమర్లు వేరు, తేమ లెక్క వేరు. హైదరాబాద్ ఫ్లాట్‌లో చేయొచ్చా అని అడిగినవాళ్లకీ ఇదే జవాబు, అక్కడ టైల్ కింద ఉండేది స్లాబు.

షీటు ఏ రకమో తెలుసుకోండి. నేలలో ఏసీ గాలి వచ్చే ఇనుప జాలీ ఉంటే దాన్ని పైకి తీస్తే షీటు అంచు పక్క నుంచి కనిపిస్తుంది.

- ప్లైవుడ్: పలుచటి చెక్క పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. దీనికి రంగు బాగా పడుతుంది.
- ఓఎస్‌బీ: చెక్క పెచ్చులు అడ్డదిడ్డంగా అతికించి నొక్కినట్టు ఉంటుంది. కొత్త ఇళ్లలో ఎక్కువ. రంగు వేయొచ్చు, కానీ ఆ పెచ్చుల గరుకు పూర్తిగా పోదు, ప్రైమర్ కూడా ఎక్కువ తాగుతుంది.
- పార్టికల్ బోర్డ్: రంపపు పొట్టు గట్టిగా నొక్కినట్టు ఉంటుంది. కొన్ని పాత ఇళ్లలో ప్లైవుడ్ మీద ఇంకో పొరగా వేశారు. స్క్రూ పట్టదు, తడి తగిలితే రస్కులా ఉబ్బి రాలుతుంది. ఇది కనబడితే దాన్ని తీసేసి కింద ఉన్న ప్లైవుడ్‌కి రంగు వేయడమే నయం.

గది కూడా ముఖ్యమే. పడకగదులు, ఆఫీసు గది, మేడ మీద హాలు, పూజ గది, వీటికి చక్కగా సరిపోతుంది. బాత్రూమ్, లాండ్రీ, వంటగది వద్దు. రంగు వేసిన ప్లైవుడ్ మీద ఒలికిన నీళ్లు తుడిస్తే ఏమీ కాదు, కానీ నీళ్లు జాయింట్లలోకి దిగి అక్కడే ఉంటే షీటు అంచులు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు మళ్లీ తగ్గదు.

ఇక రెండు విషయాల్లో రాజీ పడకండి. అమెరికాలో ఇళ్లకి వాడే సీసం రంగులని 1978లో నిషేధించారు. మీ ఇల్లు అంతకంటే పాతదై, నేల మీద పాత రంగు ఉంటే పరీక్ష చేయించకుండా సాండింగ్ చేయొద్దు. అలాగే కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు టైళ్లు గానీ, నల్లటి తారు లాంటి జిగురు గానీ కనిపిస్తే వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. మీరు గీకొద్దు, పగలగొట్టొద్దు, ఆ పని తెలిసినవాళ్లతో నమూనా తీయించి ల్యాబ్‌కి పంపి, జవాబు వచ్చాకే ముందుకెళ్లండి.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- అడుగున ఉన్నది ప్లైవుడ్ లేదా ఓఎస్‌బీ అని తేలిందా?
- ఎక్కడైనా మెత్తగా, నల్లగా, నొక్కితే దిగిపోయేలా ఉందా? ఉంటే అక్కడ ఏదో లీకు ఉంది, ముందు అది బాగుచేయాలి.
- కాండో (పెద్ద భవనంలో సొంత ఫ్లాట్) అయితే, మేడ మీద గట్టి నేల ఉండొచ్చో లేదో అసోసియేషన్ నిబంధనల్లో చూశారా? కింద ఇంటివాళ్లకి చప్పుడు వస్తుందని చాలాచోట్ల కార్పెట్ తప్పనిసరి చేస్తారు.
- కనీసం పది రోజులు ఆ గది లేకుండా గడుస్తుందా?

2. సామాను

తీయడానికి: పదునైన కత్తి, చిన్న గడ్డపార లాంటి ప్రై బార్, సుత్తి, కటింగ్ ప్లేయర్, తోలు గ్లౌజులు, మోకాళ్లకి ప్యాడ్లు. ప్యాడ్లు మాత్రం మర్చిపోకండి, ఈ పని ముప్పావు భాగం మోకాళ్ల మీదే జరుగుతుంది.

బిగించడానికి, సమం చేయడానికి: రెండున్నర అంగుళాల డెక్ స్క్రూలు ఒక పెద్ద డబ్బా, డ్రిల్, చెక్కకి పెట్టే లప్పం, వెడల్పాటి లప్పం బద్ద, 60, 80, 120 నంబర్ల గరుకు కాగితాలు, సాండర్, మంచి వాక్యూమ్, ఎన్95 మాస్కులు.

పూయడానికి: షెల్లాక్ ప్రైమర్ (లక్కతో చేసేది) లేదా ఆయిల్ ప్రైమర్ ఒక గాలన్, ఫ్లోర్ పెయింట్ ఒక గాలన్, పైపూతకి నీళ్లతో కలిసే పాలీయురేథేన్ (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) మూడు కోట్లకి సరిపడా. వాలు అంచు ఉన్న రెండున్నర అంగుళాల బ్రష్, 9 అంగుళాల రోలర్, దానికి 3/8 అంగుళం నూగు ఉన్న స్లీవ్‌లు మూడు నాలుగు, పొడుగు కర్ర.

నున్నటి నేల మీద ఒక గాలన్ రంగు 400 చదరపు అడుగుల దాకా వస్తుంది. మన గదికి రెండు కోట్లు అంటే 336, కాబట్టి ప్లైవుడ్‌కి ఒక గాలన్ సరిపోతుంది. ఓఎస్‌బీ అయితే ఇంకో క్వార్ట్ (పావు గాలన్) అదనంగా తెచ్చుకోండి. మధ్యలో అయిపోయి కొత్త డబ్బా కలిపిస్తే షేడ్ కొద్దిగా తేడా రావొచ్చు.

3. కార్పెట్ తీయడం

కార్పెట్‌ని మూడడుగుల వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని చాపలా చుట్టి టేపు వేసి బయట పెట్టండి. మొత్తం ఒకే ముక్కగా తీస్తే మెట్లమీద దించడం ఇద్దరివల్ల కూడా కాదు.

దాని కింద స్పాంజి ప్యాడ్, గోడ పొడవునా ముళ్లున్న చెక్క పట్టీలు ఉంటాయి. ఆ ముళ్లు పైకి తిరిగి ఉంటాయి, చెప్పుల్లేకుండా ఆ గదిలోకి ఎవరినీ రానివ్వకండి. ప్రై బార్‌ని మేకు ఉన్నచోటే పెట్టి లేపితే పట్టీ ముక్కలు కాకుండా వస్తుంది.

తర్వాత స్టేపుల్స్. ప్యాడ్‌ని వందల స్టేపుల్స్‌తో కొట్టి ఉంటారు. ఇది విసుగు పనే, కానీ ఒక్కటి మిగిలినా సాండర్ కాగితం చిరుగుతుంది, రంగులోంచి తుప్పు మరక పైకి వస్తుంది. అన్నీ అయ్యాయనుకున్నాక లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని నేలకి ఆనించి పక్కగా వెలుగు పడేలా తిప్పండి. మిగిలిపోయిన ప్రతి స్టేపుల్ నీడతో సహా కనిపిస్తుంది.

గోడల అంచుల్లో గట్టిపడిన లప్పం చుక్కలు, గోడ రంగు తుంపరలు కూడా ఉంటాయి. ఇల్లు కట్టేటప్పుడు ఎలాగూ కార్పెట్ వస్తుంది కదా అని నేల కప్పకుండానే గోడలకి రంగు కొడతారు. లప్పం బద్దతో వాటిని గీకేయండి.

4. షీటు కదలకుండా బిగించడం

నా మొదటి గదిలో నేను వదిలేసిన అంచె ఇదే. రంగు పొర చాలా పలుచన, కింద చెక్క కదిలితే అది తట్టుకోలేదు. కదిలే షీటు మీద ఎంత ఖరీదైన రంగు వేసినా జాయింట్ దగ్గర జుట్టు మందాన గీత పడుతుంది, ఆ గీతలోకి తుడిచిన నీళ్లు దిగుతాయి, అక్కడి నుంచి పెచ్చులు మొదలవుతాయి.

1. ఇంట్లో ఇంకొకరిని గదంతా మెల్లగా నడవమనండి. మీరు నేల మీద కూర్చుని చెయ్యి ఆనించి వినండి. కిర్రుమన్నచోట షీటు మేకు మీద పైకీ కిందకీ జారడం చేతికి తెలుస్తుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి.

2. పాత మేకుల వరస ఎక్కడుందో చూడండి, దాని కిందే దూలం ఉంటుంది. ఆ వరసలని సుద్ద దారంతో గీతలు గీసుకోండి.

3. షీటు అంచుల్లో 6 అంగుళాలకొకటి, మధ్యలో 12 అంగుళాలకొకటి చొప్పున దూలాల్లోకి స్క్రూలు దించండి. కిర్రుమనే చోట మీరు షీటు మీద నిలబడి బరువు వేసి బిగించండి, లేకపోతే షీటుకీ దూలానికీ మధ్య ఖాళీ అలాగే ఉండిపోతుంది.

4. స్క్రూ తల షీటు కంటే కొంచెం లోపలికి దిగాలి. పైపొర చీల్చుకుని మరీ లోతుకి పోకూడదు.

5. పైకి లేచిన పాత మేకులని సుత్తితో లోపలికి కొట్టండి.

స్క్రూ దూలానికి తగలకపోతే బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంది, దాన్ని తీసేసి పక్కన వేయండి. గోడలకి వాడే నల్లటి డ్రైవాల్ స్క్రూలు వద్దు, అవి పెళుసు, నడిచేకొద్దీ తలలు తెగిపోతాయి. రెండున్నర అంగుళాల కంటే పొడుగువి కూడా వద్దు, దూలాల మధ్య, దూలాల్లోంచి కరెంటు వైర్లు, నీళ్ల పైపులు పోతుంటాయి. కింద బాత్రూమ్ ఉన్నచోట ఇంకా జాగ్రత్త.

5. మరకలు, వాసన

పాత యజమానులు కుక్కలనో పిల్లులనో పెంచి ఉంటే కార్పెట్ తీసిన రోజే తెలుస్తుంది. ప్లైవుడ్ మీద గోధుమ రంగు వలయాలు, ముక్కు మూసుకునేంత వాసన. ఫినాయిల్ లాంటివాటితో కడిగితే పోదు. పెంపుడు జంతువుల మూత్రం కోసమే అమ్మే ఎంజైమ్ క్లీనర్‌తో ఆ చోటు తడిపి, సీసా మీద రాసినంతసేపు వదిలి, తుడిచి, రెండు మూడు రోజులు ఫ్యాన్ పెట్టి ఆరబెట్టండి. మిగిలిన వాసనని షెల్లాక్ ప్రైమర్ లోపలే బంధిస్తుంది. షీటు నల్లబడి పొరలు విడిపోతే మాత్రం ఆ ముక్క కోసి కొత్తది వేయాల్సిందే.

ప్లైవుడ్ మీద మిల్లు వేసిన ముద్రలు, వడ్రంగులు గీసిన ఎర్ర నీలం సుద్ద గీతలు కూడా వదిలేయకండి. నీలం సుద్దని తడిబట్టతో తుడిచేయొచ్చు, ఎర్రది అంత తేలిగ్గా పోదు. ముద్రల సిరా మామూలు రంగులోంచి కొన్ని రోజులకి పైకి వచ్చేస్తుంది, దానికీ షెల్లాకే మందు.

6. గుంటలు పూడ్చడం, జాయింట్ల సంగతి

స్క్రూ తలలు, మేకుల గుంటలు, చిన్న చీలికలు, వీటన్నిటికీ చెక్క లప్పం పెట్టండి. ఆరాక కుంగుతుంది కాబట్టి కొంచెం ఉబ్బెత్తుగా పెట్టి తర్వాత సాండ్ చేయాలి. ప్లైవుడ్ ముడి ఊడిపోయి పెద్ద గుంట ఉంటే రెండు భాగాలు కలిపి వాడే గట్టి ఫిల్లర్ వాడండి, కార్ల సొట్టలు పూడ్చేది కూడా అలాంటిదే. కలిపాక నిమిషాల్లో గట్టిపడుతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోండి.

జాయింట్ల దగ్గర అందరూ నాతో వాదిస్తారు. రెండు షీట్ల మధ్య 1/8 అంగుళం సందు కావాలనే వదులుతారు, ఎందుకంటే గాలిలో తేమని బట్టి చెక్క పెరుగుతుంది, తగ్గుతుంది. ఎండాకాలం ఉబ్బుతుంది, చలికాలం హీటర్ వేయగానే ఇంట్లో గాలి ఎండిపోయి కుంచించుకుంటుంది. ఆ సందులో గట్టి లప్పం కూరితే మొదటి చలికాలంలోనే పగిలి ముక్కలుగా లేస్తుంది. నాకు అదే జరిగింది, డిసెంబర్ చివరికి గది మొత్తం 4 అడుగులకొక గీత.

నా సలహా: సన్నటి జాయింట్లని అలాగే వదిలేయండి. రంగు వేశాక అవి వెడల్పాటి పలకల మధ్య గీతల్లా కనిపిస్తాయి, చూడ్డానికి ఏమీ బాగోకుండా ఉండదు. చెత్త పేరుకుంటుందేమో అనిపిస్తే, ప్రైమర్ వేశాక రంగు పట్టే సాగే సీలెంట్‌ని సన్నగా నింపి వేలితో నున్నగా చేయండి. సిలికాన్ మాత్రం వాడకండి, దాని మీద ఏ రంగూ అంటదు, తర్వాత తీసేయడం కూడా కష్టం.

షీట్లు ఒకటి ఎత్తు ఒకటి పల్లం ఉంటే ఎత్తుగా ఉన్న అంచుని సాండర్‌తో వాలుగా అరగదీయండి.

7. సాండింగ్

పని మొదలుపెట్టే ముందు ఏసీ ఆఫ్ చేసి, గాలి వచ్చే జాలీలని ప్లాస్టిక్ కాగితంతో మూసేయండి. లేదంటే ఆ పొట్టు ఇల్లంతా తిరుగుతుంది. తలుపు కింద తడి తువ్వాలు పెట్టండి.

చిన్న గదికి చేతిలో ఇమిడే గుండ్రటి ఆర్బిటల్ సాండర్ చాలు, ఒక రోజు పడుతుంది. రెండు మూడు గదులుంటే అద్దెకి దొరికే పెద్ద ఆర్బిటల్ ఫ్లోర్ సాండర్ తెచ్చుకోండి, హోమ్ డిపో లాంటి చోట్ల రోజు అద్దెకి ఇస్తారు. డ్రమ్ సాండర్ ఇస్తామన్నా వద్దనండి. అది గట్టి చెక్క నేలల కోసం. ప్లైవుడ్ పైపొర కాగితంలా పలుచన, డ్రమ్ ఒక్క క్షణం ఆగినా అది పోయి అడ్డపొర బయటపడుతుంది.

ముందు 60, తర్వాత 80, ఆఖరున 120. అంతకంటే నున్నగా చేయొద్దు, ప్రైమర్‌కి పట్టు ఉండాలి. ఓఎస్‌బీకి 80 దగ్గరే ఆపొచ్చు.

అరచేతిని నేల మీద మెల్లగా జరిపి చూడండి, కంటికి కనిపించని పేడు చేతికి తగులుతుంది. మనం ఇంట్లో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లం, పిల్లల కాళ్లలో పేడు గుచ్చుకునే నేల ఎంత అందంగా ఉండి ఏం లాభం.

తర్వాత వాక్యూమ్ రెండుసార్లు, జాయింట్లలో సన్న ముక్కుతో ఒకసారి, కొద్దిగా చెమ్మగా ఉన్న బట్టతో ఒకసారి. నల్లబట్టతో తుడిస్తే తెల్లటి పొడి ఇంకా అంటుతోందా? మళ్లీ తుడవండి.

8. ప్రైమర్

నా ఓటు షెల్లాక్ ప్రైమర్‌కే. షెల్లాక్ అంటే మన లక్కే. ఏటికొప్పాక బొమ్మలకి పట్టించే ఆ లక్కని ఆల్కహాల్‌లో కరిగించి ఇక్కడ డబ్బాల్లో అమ్ముతారు. మరకలు, సిరా, చెక్క ముడుల రసం, వాసన, దేన్నీ పైకి రానివ్వదు, గంటలోపే ఆరుతుంది. నీళ్ల ప్రైమర్ ప్లైవుడ్ నారని లేపుతుంది, ఓఎస్‌బీలో పెచ్చులని ఉబ్బిస్తుంది. ఘాటు తట్టుకోలేమనుకుంటే నీళ్ల ప్రైమర్ వాడొచ్చు, కానీ ఆరాక మళ్లీ ఒకసారి 120తో సాండ్ చేయాలి, మరకలున్న చోట అయినా షెల్లాక్ చుక్కలు పెట్టాలి.

షెల్లాక్‌తో జాగ్రత్తలు:

- దాని ఆవిరికి మంట అంటుకుంటుంది. దగ్గరలో గ్యాస్ హీటర్ పైలట్ మంట ఉంటే ఆర్పండి. దీపం, అగరొత్తి, సిగరెట్ ఏదీ వద్దు.
- కిటికీలు తెరవండి. మామూలు ఎన్95 ఈ ఆవిరిని ఆపదు, రసాయనాల ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ మాస్క్ పెట్టుకోండి.
- గర్భిణులు, చిన్నపిల్లలు ఆ రోజు ఇంట్లో ఉండకపోతే మంచిది.
- ఆయిల్ ప్రైమర్ వాడితే, తుడిచిన గుడ్డలని ఉండలా చుట్టి చెత్తబుట్టలో వేయకండి. వాటంతట అవే వేడెక్కి మంట అంటుకోవచ్చు. బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

ఒక పలుచటి కోటు, ఓఎస్‌బీకి రెండు. ఆరాక 120 కాగితంతో చేత్తో తేలిగ్గా రుద్ది, వాక్యూమ్ చేయండి.

9. రంగు

గోడల రంగు మిగిలింది కదా అని అది వేయకండి. గోడ రంగు పొర మెత్తన, మంచం కాలు నాలుగు రోజులు ఒకేచోట ఉంటే దానికి అంటుకుపోతుంది. పోర్చ్ అండ్ ఫ్లోర్ అని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి, శాటిన్ మెరుపు (కొద్దిపాటి మెరుపు) తీసుకోండి. పూర్తి గ్లాస్ అయితే షీటులోని ప్రతి వంకరా కనిపిస్తుంది, తడి కాలికి జారుతుంది కూడా.

షేడ్ విషయంలో మధ్యరకం బూడిద, లేత మట్టి రంగు, గంధం రంగు, ఇలాంటివి మురికిని దాస్తాయి. తెలుపు మీద తలవెంట్రుకలు, పసుపు కుంకుమ మరకలు. ముదురు నీలం, నలుపు మీద దుమ్ముతో పాటు ప్రతి అడుగూ తెల్లగా.

ముందు క్లోజెట్ (గోడలో ఉండే బట్టల అర) నేల మీద వేసి చూడండి. ప్రైమర్, రంగు, పైపూత, అన్నీ అదే క్రమంలో. రెండు రోజులయ్యాక బ్లేడుతో చిన్న ఇంటూ గుర్తు గీసి, టేపు గట్టిగా అతికించి ఒక్క లాగు లాగండి. రంగు టేపుతో వచ్చేస్తే ప్రైమర్ సరిగా పట్టలేదని అర్థం. గది మొత్తం వేశాక తెలుసుకోవడం కంటే ఇక్కడ తెలుసుకోవడం మేలు.

వేసే పద్ధతి:

1. తలుపుకి ఎదురుగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి తలుపు వైపు వెనక్కి రండి.
2. బేస్‌బోర్డ్ (గోడ అడుగున కొట్టే చెక్క పట్టీ) అంచున మూడు నాలుగు అడుగులు బ్రష్‌తో గీసి, అది ఆరకముందే రోలర్‌తో కలిపేయండి. గది చుట్టూ ముందే బ్రష్ వేసి తర్వాత రోలర్ పడితే ఆ చారలు ఎప్పటికీ కనిపిస్తాయి.
3. రోలర్‌ని ట్రేలో బాగా పిండి పలుచగా వేయండి. మందంగా వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది.
4. సగం ఆరినచోట మళ్లీ రోలర్ తిప్పకండి. ఎక్కడైనా తప్పిపోతే రెండో కోటులో చూసుకోవచ్చు.
5. డబ్బా మీద చెప్పిన గంటలు ఆగి రెండో కోటు వేయండి. వాన పట్టిన రోజుల్లో ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ఫ్యాన్ గాలి నేరుగా నేల మీదకి తిప్పొద్దు, దుమ్ము అంటుతుంది.

మెట్లకి కూడా ఇదే రంగు వేసేవాళ్లు మెట్టు వదిలి మెట్టు వేయండి. ఇవాళ ఒకటి, మూడు, ఐదు. అవి ఆరాక రెండు, నాలుగు, ఆరు. మేడ మీదకి వెళ్లడానికి దారి ఉంటుంది.

10. పైపూత

కొన్ని ఫ్లోర్ పెయింట్లకి పైపూత అవసరం లేదని, వేయొద్దని డబ్బా మీదే రాస్తారు. ముందు అది చదవండి. వేయొచ్చంటే వేయండి, తలుపు దగ్గర, మంచం పక్క, కుర్చీ తిరిగేచోట తేడా బాగా తెలుస్తుంది.

నీళ్లతో కలిసే పాలీయురేథేన్, అది కూడా ఫ్లోర్ల కోసం చేసిందే తీసుకోండి. ఆయిల్‌ది కొంతకాలానికి పసుపు పచ్చగా మారుతుంది, లేత రంగుల మీద అది దాగదు. డబ్బాని ఊపకండి, కర్రతో మెల్లగా కలపండి. ఊపితే బుడగలు వచ్చి అవి అలాగే గట్టిపడతాయి. రంగు రెండో కోటు వేసి కనీసం ఒకటి రెండు రోజులు అయ్యాక, మూడు పలుచటి కోట్లు. మందంగా ఒకటి వేసి సరిపెడితే పాల పొరలా తెల్లగా ఉండిపోతుంది.

11. ఎన్ని రోజులు పడుతుంది

- 1వ రోజు: కార్పెట్, ముళ్ల పట్టీలు, స్టేపుల్స్
- 2వ రోజు: స్క్రూలు, మరకలు, లప్పం
- 3వ రోజు: సాండింగ్, శుభ్రం చేయడం
- 4వ రోజు: ప్రైమర్, ఆరాక మొదటి కోటు
- 5వ రోజు: రెండో కోటు
- 6వ రోజు: ఏమీ ముట్టుకోవద్దు
- 7, 8 రోజులు: పైపూత మూడు కోట్లు
- 9, 10 రోజులు: సాక్సులతో నడవొచ్చు
- ఆ తర్వాత రెండు మూడు రోజులకి: సామాను, ఈడ్చకుండా ఎత్తి పెట్టాలి
- నెల తర్వాత: రగ్గులు, చాపలు

జంతువుల వాసన పోగొట్టాల్సిన గది అయితే రెండో రోజు తర్వాత ఇంకో రెండు మూడు రోజులు కలుపుకోండి.

గృహప్రవేశం ముహూర్తం పెట్టుకుని మధ్యలో ఈ పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు వారాలు లేకపోతే ఆ గదికి తలుపు వేసి, ముహూర్తం అయ్యాక చేసుకోండి. హోమం మాత్రం ఏ పరిస్థితిలోనూ ఈ నేల మీద పెట్టొద్దు, ఎన్ని ఇటుకలు పేర్చినా సరే. కింద ఉన్నది చెక్క.

12. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటికి మందు

పెచ్చులు లేస్తున్నాయి. లేచినచోట చుట్టూ గట్టిగా ఉన్న రంగు దాకా గీకండి, 80 కాగితంతో అంచులు వాలుగా రుద్దండి, షెల్లాక్, రంగు, పైపూత. కింద షీటు కదులుతోందేమో తొక్కి చూడకుండా ఇవేవీ చేయొద్దు.

గోధుమ రంగు మరక పైకి వచ్చింది. ఇంకో కోటు రంగు వేసినా మళ్లీ వస్తుంది. ఆ చోట షెల్లాక్ వేసి దాని మీద రంగు వేయండి.

రెండు రోజులైనా జిగటగా ఉంది. కోటు మందం అయింది, లేదా గదిలో తేమ ఎక్కువ. కిటికీలు మూసి ఏసీ గానీ, గాలిలో తేమ లాగే డీహ్యుమిడిఫైయర్ గానీ వేసి ఇంకో మూడు నాలుగు రోజులు చూడండి. పైన పైపూత వేసి దాచొద్దు.

రగ్గు అంటుకుపోయింది. అడుగున రబ్బరు ఉన్న రగ్గు నేను వారం రోజులకే వేశాను, తీస్తే అరచేయంత రంగు దానితో వచ్చేసింది. నెల ఆగినా సరే రబ్బరు అడుగు వద్దు, నూలు జంపఖానా గానీ, ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని లాంటి మెత్తటి గుడ్డ) అడుగున్న రగ్గు గానీ వేయండి.

బేస్‌బోర్డ్ కింద సందు కనిపిస్తోంది. కార్పెట్ మందానికి తగ్గట్టు దాన్ని ఎత్తులో కొట్టారు. షూ మోల్డింగ్ అనే సన్నటి చెక్క పట్టీకి ముందే రంగు వేసి, బేస్‌బోర్డ్‌కి చిన్న మేకులతో కొట్టండి, నేలకి కాదు.

కింద గదిలోకి అడుగుల చప్పుడు వస్తోంది. వస్తుంది, దీనికి రంగుతో మందు లేదు. మంచం చుట్టూ, నడిచే దారిలో మందపాటి రగ్గులు వేసుకోవాలి. కింద పెద్దవాళ్లు పడుకునే గది ఉంటే ఈ పని మొదలుపెట్టే ముందే దీని గురించి ఆలోచించండి.

13. వాడుకునేటప్పుడు

రోజూ మెత్తటి చీపురు లేదా వాక్యూమ్. తడిబట్ట పెట్టేటప్పుడు గట్టిగా పిండి పెట్టండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకీ, అత్తగారికీ ఇది ముందే చెప్పి ఉంచండి, మన ఊళ్లో గచ్చు కడిగినట్టు బకెట్ నీళ్లు పోస్తే ఆ రోజుతో సరి. పూజ గదిలో దీపం కింద ఇత్తడి పళ్లెం పెట్టండి, నూనె చుక్క పడితే వెంటనే తుడవండి. ముగ్గు పిండితో వేసుకోవచ్చు, సుద్దముక్కతో గట్టిగా రుద్దితే గీతలు పడతాయి.

కుర్చీలు, మంచాల కాళ్లకి ఫెల్ట్ ముక్కలు అతికించండి, ఆరు నెలలకొకసారి మార్చండి. చక్రాలున్న ఆఫీసు కుర్చీ కింద ప్లాస్టిక్ చాప ఉండాలి, కానీ అది కూడా నెల దాటాకే.

మిగిలిన రంగుని చిన్న గాజు సీసాలోకి నిండుగా పోసి మూత బిగించి, మీద షేడ్ పేరు, నంబరు, తేదీ రాసి క్లోజెట్‌లో పెట్టుకోండి. సగం ఖాళీ డబ్బాలో రంగు గడ్డకడుతుంది. సన్న బ్రష్‌తో గీత పడినచోట మాత్రమే అద్దండి, ఆరాక దాని మీద ఒక చుక్క పైపూత. ఏడాదికి ఒక ఆదివారం, ఒక గంట పని.